గుల్ల పట్టని పడవ

ఆరో తరగతిలో ఉండగా
నా ఒంటి కావలివాడు
నా ఇంటివాళ్లనే దొంగలనుకున్నాడు.
క్లోమంలో చిన్న చిన్న దీవులు,
తీపికి లెక్క రాసుకునే కణాలు,
ఒక్క ఎండాకాలంలో తుడిచిపెట్టేశాడు.
కేజీహెచ్‌లో డాక్టరు బొమ్మ గీసి చెప్తే
అమ్మ అంతా విని అడిగింది:
"మరి ఆడికి జీతం ఎవులిత్తన్నారు?"

ఫ్రిజ్ లేదు మాకప్పుడు.
ఇన్సులిన్ సీసా స్టీలు డబ్బాలో,
డబ్బా గుడ్డలో, గుడ్డ ఐసుపెట్టెలో,
చందువాలకీ కానాగంతలకీ మధ్య.
గడ్డకడితే పాడవుద్దని
బేరం మధ్యలో కూడా తడిమి చూసుకునేది.
బళ్లో పక్కపిల్ల ముక్కు మూసుకునేది.
తీపి జబ్బుకి చేపల వాసన!

ఇప్పుడు నేను లేబొరేటరీలో పూసలు చేస్తాను.
జోడుగుళ్లపాలెం రాళ్ల మీద
పోటుకి ఊగే గోధుమరంగు నాచు ఉంటుందే,
అలాంటిదాన్నుంచి తీసిన జిగురు.
సూది మొన నుంచి కాల్షియం నీళ్లలోకి జారి
సగ్గుబియ్యంలా గట్టిపడుతుంది.
గింజ గింజలోనూ
ఎవరో పోతూ పోతూ ఇచ్చిపోయిన కణాలు.

బీచ్ రోడ్డులో ఒడ్డెక్కిన జలాంతర్గామిని చూశారు కదా,
నీళ్లలో ఉన్నన్నాళ్లూ దాని విద్య ఒకటే,
ఎవరి చెవినా పడకుండా బతకడం.
నా పూసకి అంత సుఖం కూడా లేదు.
తలుపులు తెరుచుకునే దాక్కోవాలి.
గాలి రావాలి, చక్కెర కబురు రావాలి,
ఇన్సులిన్ బయటికి పోవాలి,
కావలివాడి చెయ్యి మాత్రం దూరకూడదు.

దూరలేదు కూడా.
మొదటి విడత ఎలకల్ని కోసి చూస్తే
ఒక్క పూసా పగల్లేదు.
పైన తెల్లగా, మందంగా ఏదో పొర.
వాడు కొట్టలేదు. చుట్టూ గోడ కట్టాడు.
లోపలివాళ్లు ఊపిరాడక

ఆ రాత్రి హార్బరులో నాన్న
ఒడ్డుకి లాగిన పడవ అడుగు గీకుతున్నాడు.
గుల్లలు. చెక్క కనపడనన్ని గుల్లలు.
"సముద్రం ముంచీదామనుకోదే.
కొత్త చెక్క కనపడితే కాపరం ఎట్టేస్తది, అంతే.
ఆ బరువుకి..." ఉలి మొద్దుబారింది,
మాట అక్కడే వదిలేశాడు.
పక్కన డబ్బాలో పూతకి జీడిపిక్కల నూనె,
నల్లగా, చెయ్యి కాల్చేది.

మేమూ పూసలకి పూత మొదలెట్టాం.
జీడినూనె కాదులెండి,
దాని పేరు పలకడానికే నాకు మూడ్రోజులు పట్టింది.

మాత్రలతో వాణ్ణి పడుకోబెట్టొచ్చు, తెలుసు.
మా వీధి అసిరయ్య బాబాయికి కిడ్నీ మార్చారు.
రోజుకి తొమ్మిది మాత్రలు.
వాన పడితే గుమ్మం దాటడు,
ఎవరైనా దగ్గితే కుర్చీ వెనక్కి జరుపుకుంటాడు.
వాడు చావడం నాకొద్దు.
హుదూద్ తర్వాతి వారం మురికినీళ్లు తాగి పడిపోతే
నన్ను లేపి కూర్చోబెట్టింది వాడే.
వాడి చెవిలో ఒక్క మాట వెయ్యాలి, అంతే:
ఒరే, వీళ్లు మనోళ్లేరా.
ఆ మాట ఏ భాషలో చెప్పాలో
ఇంకా ఎవరికీ పూర్తిగా రాదు.

పంతొమ్మిదో ఎలక. తొంభై నాలుగో రోజు.
తోక చివర రక్తపు బొట్టు, మీటరు మీద నూట పన్నెండు.
ఇరవయ్యోది నెలకే గోడ కట్టించుకుంది.
అదే జిగురు, అదే పూత, అదే నా చెయ్యి.
ఎందుకో తెలీదు.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ చేప తోముతూ
"నీకెప్పుడొస్తాదే మరి?"
తెలీదమ్మా.
"పోన్లే, ఎలక్కొచ్చింది. దానికేటి పేరెట్టినావు?"
పేర్లు పెట్టకూడదు, అంకె ఉంటుందన్నాను.
పొలుసుల చెయ్యి గాల్లో ఆపి
"పేరు నేకండా పంపితే
ఆడెలా పోలుస్తాడే?" అంది.

నా మీటరు మీద రెండొందల అరవై ఎనిమిది.
ఫ్రిజ్ తెరిచాను.
ఇప్పటికీ నా పెన్ను
చేపల గిన్నె పక్కనే పెడుతుంది,
గుడ్డ చుట్టి.